డిశ్చార్జి బుక్‌లో రాయని రెండు పతకాలు: నా అనుభవం

బంగ్లాదేశ్ యుద్ధ విజయానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2021 డిసెంబరులో గుంటూరులో మా వంటి పాత సైనికులను పిలిచి శాలువాలు కప్పారు. సభ మొదలుకాకముందు ఒక ఫారం ఇచ్చి పేరు, నంబరు, ర్యాంకు, యూనిట్, పొందిన పతకాలు రాసి ఇమ్మన్నారు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చినందువల్ల నేను తడుముకుంటూ ఉంటే, అక్కడున్న ఒక కుర్రవాడు నా డిశ్చార్జి బుక్ (సైన్యం వదిలేటప్పుడు ఇచ్చిన సర్వీసు పుస్తకం) తీసుకొని తానే నింపసాగాడు. పతకాల పేజీ దగ్గర ఆగి, "బాబాయిగారూ, మీరు తూర్పు వైపు యుద్ధంలో ఉన్నానంటున్నారు, మరి పూర్వీ స్టార్ ఇందులో లేదేమిటండీ?" అని అడిగాడు. "రావలసి ఉంది నాయనా" అన్నాను. యాభై ఏళ్లుగా రావలసి ఉన్నది ఇంకెప్పుడు వస్తుందని అతను అడగలేదు గాని, ఆ మాట అన్నందుకు నాకే సిగ్గు వేసింది.

నా బుక్‌లో నాలుగు పతకాలు రాసి ఉన్నాయి. 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 మధ్య సైన్యంలో ఉన్నవారికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా ఇచ్చిన మెడల్, సైన్య సేవా మెడల్, తొమ్మిదేళ్ల సర్వీసుకు ఇచ్చే మెడల్. లేనివి రెండు. ఒకటి తూర్పు రణరంగంలో పనిచేసినవారికి ఇచ్చే పూర్వీ స్టార్. పశ్చిమ సరిహద్దులో ఉన్నవారికి దీనికి బదులు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. రెండోది శత్రువు చేతిలో గాయపడినవారికి ఇచ్చే ఊండ్ మెడల్; దానినే తర్వాతి కాలంలో పరాక్రమ్ పదక్ అంటున్నారు.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారం మొదలుపెట్టాక మా వీధిలో కనీసం నలుగురు "పనిలో పనిగా వీర చక్రకు కూడా పెట్టండి" అని సలహా ఇచ్చారు. పరమ వీర చక్ర, మహా వీర చక్ర, వీర చక్ర వంటివి ఎవరికి వారు అడిగి తెచ్చుకునేవి కావు. కమాండింగ్ ఆఫీసరు ఫలానా రోజున ఫలానా సిపాయి ఫలానా పని చేశాడని వివరంగా రాసి సిఫారసు చేయాలి, అది పై అంచెలన్నీ దాటాలి, అదంతా యుద్ధం ముగిసిన కొద్దికాలంలోనే జరిగిపోవాలి. నేను అడిగినవి ఆ కోవకు చెందవు. పూర్వీ స్టార్ ధైర్యసాహసాలకు ఇచ్చేది కాదు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో యూనిట్‌తో పాటు విధుల్లో ఉంటే చాలు, అది హక్కుగా వస్తుంది. గాయానికి ఇచ్చేది కూడా అంతే. కాబట్టి నేను గౌరవం కోసం ప్రాధేయపడటం లేదని, రికార్డులో జారిపోయిన ఒక పంక్తిని సరిచేయమంటున్నానని మొదటి ఉత్తరం నుంచి చివరి ఉత్తరం వరకు ఒకే మాట మీద ఉన్నాను.

నేను 1968లో సైన్యంలో చేరాను. సాపర్ని. మందుపాతరలు తీయడం, కాలువల మీద వంతెనలు వేయడం, తెగిన రోడ్లు పూడ్చడం మా పని. 1971 డిసెంబరు 7న జెస్సోర్ మన చేతికి వచ్చింది. అక్కడి నుంచి ఖుల్నా వైపు వెనక్కి తగ్గుతున్న పాకిస్తాన్ సైన్యం దారి పొడవునా కల్వర్టులు పేల్చి, మందుపాతరలు పెట్టి పోయింది. మా సెక్షన్‌ను ఒక పదాతి పటాలానికి తోడుగా పంపారు. డిసెంబరు 11 మధ్యాహ్నం ఒక కల్వర్టు దగ్గర మేము ఏడుగురం పనిలో ఉండగా గుండ్లు పడ్డాయి. నా ఎడమ తొడలో ఇనుప తునక దిగింది. ఫీల్డ్ ఆంబులెన్స్‌లో కట్టు కట్టి, అదే రాత్రి వెనక్కి, మరుసటి రోజుకు సైనిక ఆసుపత్రికి చేర్చారు. ఢాకాలో శత్రువు లొంగిపోయాడన్న వార్త 16వ తేదీ సాయంత్రం వార్డులో రేడియోలో విన్నాను. పక్క మంచం మీది గూర్ఖా సిపాయి లేచి నిలబడబోయి కట్టు ఊడగొట్టుకున్నాడు.

పతకం సంగతి అప్పట్లో నేను అడగకపోలేదు. 1974లో మా సుబేదార్ సాబ్‌ను అడిగితే, "రోల్ పైకి పోయింది, వస్తుంది" అన్నారు. రోల్ అంటే పతకానికి అర్హులైనవారి జాబితా. తర్వాత నాకు బదిలీ అయింది, ఆయన పదవీ విరమణ చేశారు, నేను 1985లో హవల్దారుగా పింఛను మీద ఇంటికి వచ్చి గుంటూరులో ఒక బ్యాంకులో గార్డుగా చేరాను. పిల్లల చదువులు, ఆడపిల్ల పెళ్లి, ఇల్లు కట్టుకోవడం వీటి మధ్య రెండు పతకాల కోసం ఢిల్లీకి ఉత్తరాలు రాసే తీరిక దొరకలేదు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. సికింద్రాబాద్‌లో మిలిటరీ దుస్తులు కుట్టే దుకాణాల్లో పతకాల నకళ్లు దొరుకుతాయి, నాతో పనిచేసిన ఒకతను "నాకు రాలేదు, కొనుక్కున్నాను, ఎవరు చూస్తారు?" అని 16వ తేదీ సభలకు పెట్టుకొస్తాడు. అతనికి నిజంగా అర్హత ఉంది, తప్పుపట్టను. నాకు మాత్రం చేయి రాలేదు.

2022 జనవరిలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మా రికార్డ్ ఆఫీసుకు మొదటి దరఖాస్తు పంపాను. ఇంగ్లీషులో ఒక పేజీ, మా మనవరాలు టైపు చేసింది. మూడు నెలలకు జవాబు వచ్చింది: అందుబాటులో ఉన్న రికార్డుల ప్రకారం సదరు వ్యక్తి పేరు పూర్వీ స్టార్ రోల్‌లో లేదు, యుద్ధంలో గాయపడినట్టు నమోదు లేదు, కనుక విన్నపం పరిశీలించడానికి వీలుకాదు. మూడు పంక్తులు. చదివాక ఆ పూట అన్నం తినాలనిపించలేదు. అయితే ఆ జవాబులోనే ఒక ఆధారం ఉందని తర్వాత తెలిసింది: "రోల్‌లో లేదు" అన్నారు గాని, "ఆ ప్రాంతంలో లేడు" అనలేదు.

మా సంఘంలో రిటైరైన ఒక క్లర్కు ఉన్నారు. సైన్యంలో ఇరవై నాలుగేళ్లు కాగితాల మధ్యే బతికిన మనిషి. నా ఉత్తరం చూసి, "హవల్దార్ గారూ, మీరు జవాబు అడిగారు, వాళ్లు జవాబిచ్చారు. ముందు కాగితం అడగండి. కాగితం చేతికొచ్చాక జవాబు మనమే రాద్దాం" అన్నారు. నాలుగేళ్లలో నాకు అందిన సలహాలన్నింటిలో పనికొచ్చినది అదొక్కటే. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, నా షీట్ రోల్ (సర్వీసు వివరాల పత్రం), 1971, 1972 సంవత్సరాల్లో నా నంబరు మీద వెలువడిన పార్ట్ టూ ఆర్డర్లు, ఆసుపత్రిలో చేరిన నమోదు, సైన్యం వదిలేటప్పుడు జరిపిన వైద్య పరీక్ష కాగితాలు, వీటి ధ్రువీకరించిన ప్రతులు కావాలని అడిగాను. ఇతరుల రికార్డు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరించవచ్చు గాని, ఎవరి రికార్డు వారు అడిగితే ఆ అభ్యంతరం ఉండదు. నిర్ణీత 30 రోజుల్లో షీట్ రోల్ మాత్రమే వచ్చింది. మిగిలిన వాటి కోసం మొదటి అప్పీలు వేశాను. సెప్టెంబరులో, పేజీకి రెండు రూపాయల చొప్పున 37 పేజీలకు 74 రూపాయలు కట్టాక, ఒక బరువైన కవరు వచ్చింది.

ఆ కవరు విప్పిన రాత్రి నేనూ, ఆ క్లర్కు మిత్రుడూ, మా మనవరాలూ భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకొని పదకొండు గంటల దాకా కూర్చున్నాం. పార్ట్ టూ ఆర్డరు అంటే తెలియనివారికి చెప్పాలి: సైన్యంలో మనిషి సెలవు మీద వెళ్లినా, తిరిగి వచ్చినా, ఆసుపత్రిలో చేరినా, పెళ్లి చేసుకున్నా, బిడ్డ పుట్టినా యూనిట్ ఒక ఉత్తర్వు ప్రచురిస్తుంది. ఆ ఉత్తర్వులో లేనిది జీవితంలో జరగనట్టే లెక్క. నా ఆర్డర్లలో 1971 డిసెంబరు 12 నాటిది ఒకటి ఉంది: ఆసుపత్రిలో చేరినందున యూనిట్ బలం (మనుషుల లెక్క) నుంచి తీసివేయబడ్డాడు. 1972 మార్చిలో ఇంకొకటి: డిపో నుంచి వచ్చి వేరే కంపెనీ బలంలో చేరాడు. ఈ రెండింటి మధ్య మూడు నెలలు నేను ఏ ఫీల్డ్ యూనిట్ లెక్కలోనూ లేను. యుద్ధం ముగిశాక పతకాల జాబితా తయారుచేసిన పాత కంపెనీ తన దగ్గర అప్పుడు ఉన్నవారి పేర్లు రాసుకుంది. కొత్త కంపెనీ యుద్ధంలో తనతో ఉన్నవారి పేర్లు రాసుకుంది. నేను రెండు జాబితాల మధ్య ఉన్న సందులో పడిపోయాను. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. గాయపడి వెనక్కి పంపినవాడి పేరే పోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గాయం సంగతి ఇంకా చిత్రమైనది. ఆసుపత్రి నమోదులో నా నంబరు సరిగానే ఉంది, ర్యాంకు సరిగానే ఉంది, పేరు మాత్రం వేరు. "రావు"తో ముగియవలసిన నా పేరు "లు"తో ముగిసింది. పైగా ఇంటిపేరును అసలు పేరుగా ముందు రాసి, అసలు పేరును తండ్రి పేరు స్థానంలో పెట్టారు. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుందని ఉత్తరాది గుమాస్తాకు తెలియకపోవడం ఆ రోజుల్లో మామూలే. మా బ్యారక్‌లో ఇంటిపేరుతోనే పదిహేనేళ్లు పిలిపించుకున్న తెలుగువాళ్లు ఉన్నారు. మంచం మీద ఒళ్లు తెలియక పడి ఉన్నవాడు గుమాస్తా ఏం రాశాడో చూసుకోలేడు కదా. చేరిన కారణం దగ్గర "ఎడమ తొడ, స్ప్లింటర్" అని ఉంది. యుద్ధ గాయమా, మామూలు దెబ్బా అన్న గడి ఖాళీగా ఉంది.

అప్పుడు మా మనవరాలు, "తాతయ్యా, ఇది చూడు" అంటూ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. 1968లో చేరినప్పటి పత్రంలో నా గుర్తింపు చిహ్నాల దగ్గర కుడి చెంప మీద పుట్టుమచ్చ, కుడి మోకాలి కింద చిన్న గాటు అని ఉంది. 1985 డిశ్చార్జి బుక్‌లో పుట్టుమచ్చతో పాటు "ఎడమ తొడ మీద మచ్చ" అని ఉంది. ముప్పై ఏడేళ్లుగా పింఛను కోసం, కాంటీన్ కార్డు కోసం, ప్రతిచోటా నేను చూపిస్తూ వచ్చిన పుస్తకంలోనే నా గాయం నమోదై ఉంది. నన్ను గుర్తుపట్టడానికి పనికొచ్చిన గాయం పతకానికి మాత్రం పనికిరాలేదు.

తూర్పు రణరంగంలో ఉన్నట్టు రుజువు మా ఊళ్లో దొరికింది. తెనాలి దగ్గర మా పాత ఇంట్లో అమ్మ పెట్టె ఒకటి అటక మీద ఉంది. అందులో దస్తావేజుల మధ్య, నేను నాన్నగారికి రాసిన ఇన్‌లాండ్ కవరు కనిపించింది. పంపినవారి చిరునామాలో నా నంబరు, కంపెనీ, దాని కింద 99 ఏ.పి.ఓ. (సైనిక తపాలా కార్యాలయం) అని నా చేతిరాత. తూర్పు వైపు సైనికుల ఉత్తరాలు 99 ద్వారా, పశ్చిమం వైపువి 56 ద్వారా పోయేవి. ముద్ర మీద 1971 డిసెంబరు 9 తేదీ చదవడానికి వీలుగా ఉంది. ఉత్తరంలో యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. రాయకూడదు కూడా. కుప్ప నూర్పిళ్లు అయ్యాయా, ఎర్ర ఎద్దు కాలు నయమైందా, చెల్లాయికి సంబంధం చూశారా అని అడిగాను. నాన్నగారు దానిని ఎందుకు దాచారో నాకు తెలియదు. ఆయన సాధారణంగా ఉత్తరాలు చదివి చూరులో గుచ్చేవారు.

సాక్షుల కోసం వెతకడం మిగిలింది. కల్వర్టు దగ్గర ఉన్న ఏడుగురిలో నలుగురు పోయారు. విజయనగరం జిల్లాలో ఒకరు, తమిళనాడులో వేలూరు దగ్గర ఒకరు ఉన్నారని సంఘాల ద్వారా తెలిసింది. విజయనగరం ఆయనకు ఫోన్ చేసి నా పేరు చెప్పగానే, "ఒరేయ్, తొడలో దిగింది, నువ్వేనా?" అన్నాడు. యాభై ఏళ్ల తర్వాత నన్ను ఒరేయ్ అన్న గొంతు వినగానే కాసేపు మాట రాలేదు. వేలూరు ఆయనకు చూపు లేదు. కొడుకు చదివి వినిపిస్తే వేలిముద్ర వేశాడు. మా ప్లాటూన్ ఆఫీసరు కర్నల్‌గా రిటైరై పుణెలో ఉన్నారు. ఆయన తన పాత డైరీలో ఆ తేదీ చూసుకొని, స్వదస్తూరీతో ఒక పేజీ రాసి పంపారు. నా ప్రమాణపత్రం నాన్ జుడీషియల్ స్టాంపు కాగితం మీద గుంటూరు కోర్టు దగ్గర నోటరీతో చేయించాను. దానిలో రెండు పేర్లూ ఒకే వ్యక్తివని, నంబరు ఒక్కటేనని విడిగా రాయించాను. అది కీలకం.

2022 నవంబరులో పంపిన రెండో విన్నపం మొదటి దానిలాంటిది కాదు. ఎడమవైపు నా వాదనలోని ఒక్కొక్క మాట, కుడివైపు దానికి ఆధారమైన కాగితం పేజీ నంబరు. ఎక్కడా బాధ, అన్యాయం, వృద్ధాప్యం అన్న మాటలు రాయనివ్వలేదు మా క్లర్కు మిత్రుడు. "చదివేవాడు ముప్పై ఏళ్ల కుర్రాడు. వాడికి జాలి వేస్తే ఫైలు కదలదు, పని తేలికైతే కదులుతుంది" అనేవారు. యూనిట్ వార్ డైరీలో (యుద్ధకాలంలో యూనిట్ రోజూ రాసే పుస్తకంలో) డిసెంబరు 11 నాటి పేజీ సరిచూడమని కూడా కోరాం. ఆ పేజీ నాకు పంపలేదు గాని, చూశారని తెలిసింది. ఎందుకంటే 2023 అక్టోబరులో నా పేరు మీద ఒక కొత్త పార్ట్ టూ ఆర్డరు వెలువడింది. ముప్పై ఎనిమిదేళ్ల కిందట సైన్యం వదిలినవాడి మీద, యాభై రెండేళ్ల కిందటి సంగతికి, పూర్వీ స్టార్‌కు అర్హుడని.

2024 ఫిబ్రవరిలో పోస్ట్‌మాన్ రిజిస్టర్డ్ పార్శిల్ తెచ్చాడు. అరచేతిలో ఇమిడే అయిదు కోణాల నక్షత్రం, మధ్యలో సింహాల ముద్ర. వెనక్కి తిప్పి ముందుగా పేరు చూశాను. "రావు" అనే ఉంది. మా ఆవిడ దానిని దేవుడి గూట్లో పెట్టబోతే వద్దన్నాను, మిగిలిన నాలుగింటి పక్కన పట్టీ మీదికి చేర్చాను. దానికి డబ్బేమైనా వస్తుందా అని చాలామంది అడిగారు. ఏమీ రాదు.

రెండో పతకం ఇంకా తేలలేదు. ఆసుపత్రి నమోదులో ఖాళీగా ఉన్న గడి వల్ల, గాయం శత్రువు గుండు వల్లనే అయిందని అప్పటి క్యాజువాల్టీ రిపోర్టు (గాయపడినవారి గురించి యూనిట్ పంపే నివేదిక) చూపాలన్నారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో తొడకు ఎక్స్‌రే తీయించాను. తీసిన డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకొని, "ఇదేమిటండీ ఇక్కడ?" అని ఎముక పక్కన కందిగింజంత తెల్లటి చుక్క చూపించింది. అప్పట్లో తీయలేక వదిలేసిన ముక్క అది. సంగతి చెబితే ఆమె రిపోర్టులో "లోహపు తునక" అని రాసి, కింద తేదీతో సహా స్పష్టంగా సంతకం చేసింది. ఆ రిపోర్టు, కర్నల్ గారి ఉత్తరం, రెండు గుర్తింపు పేజీలు కలిపి మళ్లీ పంపాను.

ఇది కూడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007లో చట్టం వచ్చింది, మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. ముందు శాఖాపరమైన విన్నపాలన్నీ చేసుకొని, తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో వెళ్లాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం వారికి ఉంది. బ్రాడీపేటలో ఒక వకీలు కాగితాలు చూసి కేసు ఉందన్నారు. నేను ఇంకా వకాలతు మీద సంతకం చేయలేదు, ఎందుకంటే తుది ఉత్తర్వు ఇంకా రాలేదు. పోయిన నెల వచ్చిన ఉత్తరంలో ఫైలును పతకాల విభాగానికి పంపినట్టు రాశారు. ఆ ఉత్తరం నంబరు, తేదీ ఈ ఉత్తరాల లెక్క రాసుకునే నా నోటు పుస్తకంలో 41వ పంక్తిగా ఎక్కించాను. మూడు నెలలు చూసి, గుర్తుచేస్తూ 42వది రాస్తాను.